గాజు తొట్టిలో చెరువు

మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలనీల్లో ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్లుంటాయి. మిద్దె మీది ట్యాంకులో బోరు నీళ్లు, వంతుల వారీగా వచ్చే నల్లా నీళ్లు, వంటింట్లో ఆర్వో నీళ్లు. నల్లా నీళ్లను పాత అలవాటు కొద్దీ చాలామంది ఇంకా మంజీరా నీళ్లనే అంటారు. 2015 చివరి నుంచి మాత్రం ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి నీళ్లు కూడా శామీర్‌పేట పక్కనున్న ఘనపూర్ రిజర్వాయర్ మీదుగా నగరానికి చేరుతున్నాయి. ఇంట్లో చేపల తొట్టి పెట్టాలన్న ముచ్చట పుట్టినవాళ్లు దుకాణానికి బయల్దేరే ముందు ఈ మూడింటినీ నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. ఏ చేప తెచ్చుకోవాలో, ఏ మొక్క నాటుకోవాలో అక్కడే సగం తేలిపోతుంది.

ఈ వైపు ఇళ్లకు గౌరామిని మించిన చేప లేదని నా గట్టి నమ్మకం. మొక్కలు దట్టంగా పెరిగిన తొట్టిలో అయితే మరీను. అది పారే నీటి చేప కాదు. నాచు పట్టిన చెరువులు, వరిమళ్లు, వాన వెలిసాక మిగిలే మడుగులు దాని పుట్టిల్లు. ఎండాకాలం నీళ్లు వెచ్చబడి ప్రాణవాయువు తగ్గినా, అర్ధరాత్రి కరెంటు పోయి గాలి పంపు ఆగిపోయినా తట్టుకునే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది.

ఆ ఏర్పాటు మనకు తెలియనిదేమీ కాదు. ఆదివారం చేపల మార్కెట్లో కొరమీనులు వీపు మునగని నీళ్లలో గంటల తరబడి బతికి ఉండటం అందరం చూసేదే. అవి నేరుగా గాలి పీల్చుకుంటాయి. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది ఈ కొరమీనునే. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇచ్చే చేప ప్రసాదంలో మింగించేదీ దాని పిల్లనే. గౌరామి ఈ కొరమీనుకు దూరపు చుట్టం, దుకాణాల్లో చిన్న సీసాల్లో కనిపించే ఫైటర్ చేపకు దగ్గరి చుట్టం. దాని మొప్పలకు పైన, తల లోపల ఒక చిన్న గది ఉంటుంది. అందులో మడతలు మడతలుగా పల్చటి ఎముక రేకులు, వాటి మీద రక్తనాళాలు నిండిన సన్నని పొర ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని లాబిరింత్ అవయవం అంటారు. నోటితో అందుకున్న గాలి ఆ మడతల్లో నిలిచినంతసేపూ ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది.

తొట్టి ముందు కాసేపు కూర్చుంటే ఇదంతా కంటికే తెలుస్తుంది. ఆకుల మధ్య నిదానంగా తిరుగుతున్న చేప ఉన్నట్టుండి పైకి లేస్తుంది. మూతి ఒక్క క్షణం నీటి పైపొరను తాకుతుంది. కిందికి తిరిగేలోపు మొప్పల అంచున పాత గాలి చిన్న బుడగై జారిపోతుంది. కదిలే నీటిలో ఈ పని చేయడం దానికి కష్టం. అందుకే గౌరామి తొట్టిలో జోరుగా నీళ్లు చిమ్మే పవర్ ఫిల్టర్ వద్దు, మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టండి. నీటి మట్టానికి, పైనున్న గాజు మూతకు మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదలాలి. మూత మాత్రం తప్పనిసరి. చలికాలం రాత్రుళ్లు సిటీ నడిబొడ్డు కంటే మేడ్చల్ శివారులో చలి ఎక్కువ. చేప పీల్చే గాలి నీటితో సమానంగా వెచ్చగా, తేమగా ఉండాలంటే ఆ మూతే దిక్కు.

గౌరామిల్లో మూడు నాలుగు జాతులు మన ఉపఖండానివే. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గ్రంథంలోనే డ్వార్ఫ్ గౌరామి, హనీ గౌరామి రెండూ ఉన్నాయి. పారిస్‌లో 1869లో ప్యారడైజ్ చేపతో తొట్టిలో గుడ్లు పెట్టించి పేరు తెచ్చుకున్న పియరీ కార్బోనియే, 1870ల్లో గంగా ప్రాంతపు గౌరామి గూడు కట్టే తీరును కూడా దగ్గరుండి చూసి రాశాడు. ఇంట్లో రంగు చేపల పెంపకాన్ని విదేశీ సరదా అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ సరదాకు తొలినాళ్లలోనే చేపల్ని అందించిన నీళ్లు మనవి.

ఇక తొట్టి సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే యాభై లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. ఒక మగ, రెండు ఆడ హనీ గౌరామిలకు అది చాలు. అడుగున మట్టి వేసి మొక్కలు పెంచే పద్ధతికి అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా ఆదరణ దొరికింది. మనవాళ్లకు ఆ సూత్రం కొత్తది కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసిన చెరువు మట్టిని రైతులు ట్రాక్టర్ల మీద చెల్కలకు తోలుకున్నారు. చెరువు అడుగున ఎంత సారం చేరుతుందో వాళ్లకు తరాలుగా తెలుసు. అయితే తొట్టికి నేరుగా చెరువు మట్టి తేకండి. పొలాల నుంచి కొట్టుకొచ్చిన పురుగుమందులు, జలగలు, ఫ్యాక్టరీల మురుగు ఏది ఉంటుందో చెప్పలేం. ఎరువు కలపని తోట మట్టిని జల్లించి, రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి తేట వంచేసి, అంగుళం మందాన పరవాలి. దాని మీద అంగుళం మందం కడిగిన ముతక ఇసుక. ఆ ఇసుకలో సున్నపురాయి ఉందేమో అని అనుమానం వస్తే కాస్త వెనిగర్ చల్లి చూడండి. నురగ పొంగితే పక్కన పెట్టేయండి. ఇక్కడి గ్రానైట్ రాయి పొంగదు, ధైర్యంగా వాడుకోవచ్చు.

మొక్కల విషయంలోనే చాలామంది డబ్బు వృథా చేస్తారు. ఫోటోల్లో చూసిన ఎర్ర మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు కొంటారు. ఈ వైపు బోరు నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి లవణాలు కరిగించుకున్న కఠిన జలం. వాటిలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటివి ఆ బైకార్బనేట్ నుంచే తమకు కావలసిన కర్బనాన్ని లాక్కోగలవు. సిలిండర్ అక్కర్లేదు. వెనక వరుసకు వాలిస్నేరియా, మధ్యలో క్రిప్టోకోరిన్, చెక్క ముక్కకు దారంతో కట్టిన జావా ఫెర్న్, పైన తేలే అంతరతామర నాలుగైదు మొలకలు ఉంటే తొట్టి నిండుగా ఉంటుంది. తేలే మొక్కలు నీటి పైభాగంలో సగానికి మించకుండా వారం వారం తీసేయాలి. అవి మరీ కమ్మేస్తే అడుగు మొక్కలకు వెలుతురు అందదు, చేప పైకి వచ్చే దారీ మూసుకుపోతుంది. లైటు రోజుకు ఎనిమిది గంటలు చాలు.

మొక్కలు నాటి, నీళ్లు నింపి, మూడు నాలుగు వారాలు చేప లేకుండా ఆగాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం, అన్నిటికన్నా విలువైన భాగం కూడా. చేప విసర్జించే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి అంత సమయం పడుతుంది. బోరు నీళ్లు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అమ్మోనియా విషం మరింత చురుగ్గా పనిచేస్తుంది. ఒక ఊళ్లో మెత్తటి నీళ్లలో చేప తట్టుకున్న మోతాదే ఇక్కడ దాని మొప్పలు కాల్చేస్తుంది.

నీళ్ల మేళవింపు ఎవరింటికి వారిదే. బోరు, ఆర్వో సగం సగం కలిపి మొదలుపెట్టి, మీటరు చూస్తూ సర్దుకోవడం మంచి పద్ధతి. నల్లా నీళ్లయితే వెడల్పాటి బకెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయాక వాడాలి. వారానికి అయిదో వంతు నీళ్లు మారిస్తే చాలు. వేసవిలో ఒక తిరకాసుంది. తొట్టిలో నీళ్లు ఆవిరై మట్టం పడిపోయినప్పుడు చాలామంది బోరు నీళ్లతో నింపేస్తారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. బోరు నీళ్లతో నింపిన ప్రతిసారీ వాటికి కొత్తవి తోడవుతాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయాలి.

మన కాలనీల్లో నీడ కోసం పెంచే బాదం చెట్టు గౌరామికి పెద్ద దిక్కు. చలికాలంలో ఎర్రబడి రాలిన ఆకుల్లో మచ్చ లేనివి ఏరి, కడిగి, నీడన ఎండబెట్టి దాచుకోవాలి. రెండడుగుల తొట్టికి ఒక ఆకు చాలు. నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. అందులోంచి దిగే టానిన్లు బూజును కొంత అణుస్తాయి, చేప బెదురు తగ్గుతుంది. రోడ్డు పక్క దుమ్ము, పొగ పట్టిన చెట్టు ఆకులు మాత్రం వద్దు.

చేపను ఎంచుకోవడంలో నా సలహా ఒక్కటే. మొదటి తొట్టికి హనీ గౌరామి తెచ్చుకోండి. డ్వార్ఫ్ గౌరామి ఎర్రని, నీలి చారలు చూస్తే కళ్లు తిప్పుకోలేం, నిజమే. కానీ ఫారాల్లో తరతరాలుగా రంగు కోసమే పెంచుతూ వచ్చిన ఆ చేపల్ని ఒక ఇరిడోవైరస్ పట్టి పీడిస్తోంది. దానికి మందు లేదు. 2003లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పెంపకపు మర్రే కాడ్ చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయినప్పుడు పరిశోధకులకు దొరికిన వైరస్, డ్వార్ఫ్ గౌరామిల్లోని వైరస్‌తో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. దుకాణంలో చేప కొత్తగా దిగిన రోజున కొనకండి. వారం ఆగి, రంగు మాయకుండా, పొట్ట ఉబ్బకుండా, మేత వేస్తే ముందుకొచ్చేదాన్ని తీసుకోండి. పెర్ల్ గౌరామికి మూడడుగుల పైన తొట్టి ఉండాలి. జెయింట్ గౌరామి అని వేలెడు పిల్లను అమ్మజూపితే దాని జోలికి పోవద్దు. అది రెండడుగులు దాటి పెరిగే చేప.

గౌరామికి పొట్ట కింది రెక్కలు రెండు పొడవాటి దారాల్లా ఉంటాయి. వాటి మీద రుచి తెలిసే కణాలుంటాయి. కొత్త మొక్క నాటిన రోజున చూడాలి. చేప ఎదురుగా నిలబడి, ఒక దారం ముందుకు చాచి ఆకు అంచును తడుముతుంది, వెనక్కి తగ్గుతుంది, రెండో దారంతో మళ్లీ తడుముతుంది. ఆ దారాల్ని కొరికే టైగర్ బార్బ్‌లను దాంతో కలిపి వేయడం అన్యాయం.

జూన్‌లో వానలు పడి గాలిలో తేమ పెరిగాక గుడ్లు పెట్టించడానికి మంచి కాలం. వేరే చిన్న తొట్టిలో ఆరంగుళాల నీళ్లు, ఇరవై ఏడు డిగ్రీల వేడి, కొన్ని తేలే మొక్కలు చాలు. నాలుగు రోజులు దోమ లార్వాలు మేపితే ఆడ చేప పొట్ట నిండుతుంది. మురుగు కాలవల్లో దొరికే ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం రోగాల మూట. మగ హనీ గౌరామి ఒళ్లు తేనె రంగులో మెరుస్తుంది. మూతి నుంచి పొట్ట దాకా నలుపు కలిసిన నీలం కమ్ముతుంది. అది పైకి వెళ్లి గాలి నోట్లోకి తీసుకుని, నోటి జిగురుతో కలిపి చిన్న చిన్న బుడగలుగా ఊదుతుంది. ఆకు నీడన ఆ బుడగలు అప్పుడే పిండిన పాల మీది నురగలా పేరుకుంటాయి. డ్వార్ఫ్ గౌరామి అయితే నాచు పీచును కూడా తెచ్చి గూడులో అల్లుతుంది. గూడు కింద మగది ఆడదాన్ని చుట్టుకుంటుంది, గుడ్లు వాటంతటవే పైకి తేలుతాయి. దారి తప్పినవాటిని మగది నోటితో ఏరి గూట్లో పెడుతుంది. ఆ పని ముగిశాక ఆడదాన్ని వెంటనే వేరు చేయాలి, లేకపోతే మగది తరిమి తరిమి గాయపరుస్తుంది. ఒకటిన్నర రోజులోపు పిల్లలు వస్తాయి. మరో రెండు మూడు రోజులకు అవి గూడు విడిచి ఈదుతాయి. అప్పుడు తండ్రినీ తీసేయాలి.

ఆ పిల్లలు కంటికి ఆనవు. వాటి నోట్లో పట్టే మేత కావాలంటే వారం ముందే ఒక సీసాలో తొట్టి నీళ్లు పోసి, అరటి తొక్క ముక్కో గుప్పెడు ఎండు గడ్డో వేసి కిటికీలో పెట్టాలి. ముందు నీళ్లు మసకబారి, తర్వాత తేటపడి, అందులో కదిలే సూక్ష్మజీవులు తయారవుతాయి. పది రోజుల తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే సన్న రొయ్య పిల్లల్ని పెట్టొచ్చు. పిల్లలకు గాలి పీల్చే అవయవం మూడు నాలుగు వారాలకు గానీ ఏర్పడదు. చాలామందికి పిల్లలు చేజారేది ఆ రోజుల్లోనే. మూత తీసి గంటలు గంటలు చూస్తూ కూర్చోకుండా ఉంటే చాలావరకు దక్కుతాయి.

నగరంలో అమ్మే రంగు చేపలు చాలావరకు చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తాయి. ఇక్కడి నీళ్లలోనే పుట్టిన పిల్లకు ఆ ప్రయాణపు దెబ్బ ఉండదు, కొత్త నీటికి అలవాటు పడాల్సిన పనీ లేదు. ఇంటి పెంపకానికి ఇంతకంటే పెద్ద విలువ నాకు కనిపించదు. కాకపోతే ఒక్క కాన్పులో వందల పిల్లలు వస్తే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. శామీర్‌పేట చెరువులోనో పక్కనున్న కుంటలోనో వదిలేయడం పుణ్యమనుకునేవాళ్లున్నారు. గాజు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప ఇలాగే బయటపడి తెలుగు రాష్ట్రాల చెరువుల్లో వలలు చింపుతూ మత్స్యకారుల నోటి దగ్గర కూడు తీస్తోంది. తూర్పు కనుమల్లో అది ఎంతవరకు పాకిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో దొరికే డీఎన్ఏ ఆనవాళ్లతో వెతకాల్సి వచ్చింది. గౌరామి అంత దుడుకు చేప కాకపోయినా, ఫారం రోగాలు దాని వెంట వెళ్తాయి. తొట్టిలోంచి తీసేసిన మొక్కలూ అంతే. వాటిని కాలవలో పారేయకుండా ఎండబెట్టి పూలకుండీల్లో వేసుకోవాలి.

పిల్లలు మూడు నెలలకు అంగుళం దాకా ఎదుగుతాయి. అప్పుడు తెలిసినవాళ్లకో, ఒప్పుకునే దుకాణానికో ఇచ్చేయొచ్చు. ఇచ్చే ముందు ఒక రోజు మేత ఆపాలి. సంచిలో మూడో వంతు తొట్టి నీళ్లు, రెండు వంతులు మామూలు గాలి. సిలిండర్ ఆక్సిజన్ నింపాల్సిన పని లేదు, ఇవి గాలి పీల్చే చేపలు. తీసుకెళ్లినవాళ్లు సంచిని పావుగంట తమ తొట్టిలో తేలనిచ్చి, గ్లాసుతో కొంచెం కొంచెంగా కొత్త నీళ్లు కలుపుతూ అరగంట తర్వాత చేపల్ని మాత్రం వలతో తీసి వదలాలి. సంచిలోని నీళ్లు తొట్టిలో పోయకూడదు.