పగులు ఎక్కడ ఆగాలి

బెంగళూరు–చెన్నై రైలు మార్గంలో మాలూరుకూ బంగారుపేటకూ మధ్య వచ్చే స్టేషన్ టేకల్. కిటికీలోంచి చూస్తే ఊరికంటే ముందు గుండ్లు కనిపిస్తాయి. 15వ శతాబ్దంలో సాళువ గోపరాజు ఇక్కడి నుంచే ఏలాడు. వరదరాజస్వామి గుడి, పాత కోట గోడలు, పొలం గట్ల మీది కూసాలు, పాత ఇళ్ల కప్పులు అన్నిటికీ రాయి ఈ గుట్టలదే. కోలారు జిల్లాలోని ఇదే మాలూరు తాలూకాలో, శివారపట్నంలో శిల్పులు దేవుళ్లను చెక్కుతారు. పేరంతా వాళ్లకే వచ్చింది. నా మనసు మాత్రం చెక్కేవాళ్ల మీద కంటే చీల్చేవాళ్ల మీద ఎక్కువ.

ఆ పనిలో వడ్డెరలది పెద్ద చెయ్యి. కర్ణాటక ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు భోవీలు, చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. బండను చీల్చాలంటే ముందు దాని వాటం పట్టాలి. కంటికి ఒకే ముద్దలా కనిపించే గ్రానైటు ఒక దిక్కున సులువుగా విడుతుంది, అడ్డదిక్కున మొరాయిస్తుంది. వాటం తెలిసినవాడు సున్నంతో గీత గీసి, గీత పొడుగునా ఉలితో చిన్న చిన్న గుంతలు తీసి, వాటిలో ఇనుప చీలలు దించుతాడు. తర్వాత సమ్మెటతో వరసగా ఒక్కొక్క దెబ్బ. ఒకే చీలను వెంటవెంటనే బాదుతూ పోతే పగులు పక్కదారి పడుతుంది. బలం అంతా ఒక్కచోట పెట్టకపోవడమే ఇక్కడి నేర్పు.

కూసం ఇలా వస్తుంది. మరి ఇంటి కప్పుకు సరిపడే వెడల్పాటి పలక? దానికి నిప్పు కావాలి. బెంగళూరు దగ్గరి ఒక రాతి గనిలో ఈ పని నిలబడి చూసిన హెచ్. వార్త్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1895లో ‘నేచర్’ పత్రికలో లెక్కలతో సహా రాశాడు. రాళ్ల గురించి ఇంత రుచిగా ఉన్న లెక్క నేను ఇంకెక్కడా చదవలేదు. బండ మీద సన్నటి వరసగా కట్టెలు పేర్చి మంట పెట్టారు. కింద రాయి విడిందని తెలిశాక ఆ మంట వరసనే మెల్లగా ముందుకు జరిపారు, గంటకు సుమారు 6 అడుగులు. 8 గంటల్లో 740 చదరపు అడుగుల పలక సగటున 5 అంగుళాల మందంతో తల్లిబండ నుంచి విడిపోయింది. కాలిన కట్టె 15 హండ్రెడ్‌వెయిట్లు, అంటే మన లెక్కన 760 కిలోలు. ఒక కిలో కట్టెకు 30 కిలోల రాయి!

వేడికి పైపొర సాగుతుంది, కింద చల్లగా ఉన్న రాయి సాగదు. ఆ పెనుగులాటలో పొర పెనం మీది దోసె అంచులా లేస్తుంది. ఈ సూత్రం పుస్తకంలో దొరుకుతుంది. మంట ఎప్పుడు జరపాలో మాత్రం చెవికే తెలియాలి. సుత్తితో కొట్టి వింటారు. ఖణేలుమంటే ఇంకా పట్టుకునే ఉంది, డొల్లగా పలికితే విడింది. ఆలస్యమైతే పలక ముక్కలవుతుంది, తొందరపడితే పగులు మధ్యలోనే ఆగిపోతుంది. ఇంత పనిలో మందుగుండు రవ్వంత కూడా లేదు.

ఇప్పుడు క్వారీ అంటే ఊళ్లలో గుర్తొచ్చేది ఈ పని కాదు. కంప్రెసర్ డ్రిల్లు, జిలెటిన్, క్రషర్, టిప్పర్లు. బెంగళూరు మేడలకు కావలసింది పలక కాదు, కంకరా ఎం-శాండూ. పొడి చేయడానికే అయితే వాటం ఎవడిక్కావాలి? 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉన్న హిరేనాగవల్లి దగ్గర, 2021 ఫిబ్రవరిలో జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. కాబట్టి కొత్త క్వారీ వద్దనే పల్లెలవాళ్లను రాయికే శత్రువులనడం అన్యాయం. వాళ్ల ఇంటి కప్పే రాయి.

వద్దని చెప్పే చోట్లలో పంచాయతీ ఎన్నిక ఒకటి. లీజు ఇచ్చేది గనుల శాఖ, పంచాయతీ కాదు. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు మాట మీద 12 గ్రామసభలు బాక్సైట్ గనిని కాదన్నాయంటే, దాని వెనక అటవీ హక్కుల చట్టం బలం ఉంది. ఆ చట్టం అడవి భూమికే వర్తిస్తుంది, క్వారీ అడవిలో కాకపోతే ఆ బలం ఇక్కడికి రాదు. అయినా కర్ణాటకలో దాదాపు 400 మంది జనాభాకు ఒక గ్రామ పంచాయతీ సభ్యుడు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు. అంత చిన్న లెక్కలో, గెలిస్తే క్వారీ వద్దని పంచాయతీ తీర్మానం చేయిస్తావా అని ఒక పల్లె కలిసి అడిగితే అభ్యర్థి తప్పించుకోలేడు.

అడగడంలోనూ పనితనం ఉండాలి. ‘క్వారీ వద్దు’ అని ఒక్క ముక్క రాసిన తీర్మానం ఫైల్లో నిద్రపోతుంది. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, చివరి ఇల్లు ఎన్ని అడుగుల దూరం, చెరువుకు నీళ్లొచ్చే కాలువ ఏ పక్క, పక్కనే ఇంకో లీజు ఉందా అన్నవి రాయించాలి. ఆఖరిది ఊరికే అనడం లేదు. పెద్ద గనిని 5 హెక్టార్లలోపు ముక్కలుగా చూపి పర్యావరణ అనుమతి ఎగ్గొట్టే ఎత్తును సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో పట్టుకుంది. చిన్న లీజుకైనా అనుమతి ఉండాల్సిందేనంది. ఆ తీర్మానం రాసే రోజున సమ్మెట పట్టిన ముసలాయనను పక్కన కూర్చోబెట్టుకోవాలని నా సలహా. ఆ బండలో ఏ పొర పలకకు పనికొస్తుందో, మందు పెడితే పగులు ఏ ఇంటి వైపు పోతుందో, సర్వేయరు కంటే ముందు ఆయన చెప్పగలడు.