‘కౌలె ఫైసల్’: రాజద్రోహానికీ దేశద్రోహానికీ నడుమ

తెలుగులో రాజద్రోహం, దేశద్రోహం అని రెండు వేరువేరు మాటలున్నాయి. మొదటిది పాలకునిపట్ల చేసేది. రెండవది పుట్టిన గడ్డపట్ల చేసేది. అయినా పత్రికలలోనూ, వేదికలపైనా ఈ రెండింటినీ ఒకదానికి బదులు మరొకటి వాడటం పరిపాటి అయిపోయింది. ఇది కేవలం భాషాదోషం కాదు. మాట తారుమారైతే నేరమూ తారుమారవుతుంది. ప్రభుత్వాన్ని విమర్శించినవాడు దేశాన్ని శత్రువుకు అమ్మినవాడితో ఒకే పంక్తిలో నిలబడవలసి వస్తుంది. ఈ రెండింటి మధ్య గల వ్యత్యాసాన్ని న్యాయస్థానపు బోనులోనే విడమరచి చెప్పిన రచన మౌలానా అబుల్ కలాం ఆజాద్ ‘కౌలె ఫైసల్’. వంద సంవత్సరాలు దాటిన ఆ వాఙ్మూలం ఇచ్చే సమాధానం ఎంతవరకు నిలుస్తుందన్నది పరిశీలించదగిన విషయం.

ముందుగా రచన పూర్వరంగం. 1912లో కలకత్తా నుండి ‘అల్ హిలాల్’ పత్రికను ప్రారంభించిన నాటినుండి ఆజాద్ ప్రభుత్వానికి కంటగింపుగానే ఉన్నారు. పత్రిక మూతబడింది, దాని తరువాత వచ్చిన ‘అల్ బలాగ్’ కూడా నిలిచిపోయింది. 1916లో ఆయనను బెంగాల్ నుండి బహిష్కరించి రాంచీలో నిర్బంధించారు. విడుదలైన తరువాత ఖిలాఫత్, సహాయనిరాకరణ ఉద్యమాలలో ముందు నిలిచారు. 1921 జూలైలో కలకత్తా మీర్జాపూర్ పార్కులో చేసిన రెండు ప్రసంగాలకుగాను ఆ డిసెంబరు 10న అరెస్టయ్యారు. 1922 జనవరిలో న్యాయస్థానానికి లిఖితపూర్వకంగా సమర్పించిన ఉర్దూ వాఙ్మూలమే ఈ గ్రంథం. ‘నిర్ణాయక వచనం’ అని అర్థమిచ్చే దీని పేరు దివ్య ఖుర్ఆన్‌లోని ‘అత్తారిఖ్’ సూరా 13వ ఆయతును స్ఫురింపజేస్తుంది. ఫిబ్రవరి 9న ఆయనకు ఒక సంవత్సరం కఠినశిక్ష పడింది.

నేరారోపణ భారత శిక్షాస్మృతిలోని 124-ఎ సెక్షన్ కింద జరిగింది. 1870లో చేర్చిన ఈ సెక్షన్ ప్రభుత్వంపట్ల అప్రీతి కలిగించడాన్ని నేరంగా పేర్కొన్నది. 1897లో తిలక్ విచారణలో జస్టిస్ స్ట్రాచీ ‘అప్రీతి’ అంటే ప్రీతి లేకపోవడమేనని వ్యాఖ్యానించాడు. అనగా పాలితుడు పాలకుణ్ణి ఎదిరించకుండా ఉంటే చాలదు, ప్రేమించి కూడా తీరాలి! 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన వ్యాసానికిగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావును చెరసాలకు పంపినదీ ఈ రాజద్రోహ నేరం మీదనే. విదేశీ ప్రభుత్వం తననే దేశంగా భావించుకున్నది కనుక, తనపట్ల ప్రేమ లేనివాడిని ద్రోహిగా ముద్రవేసింది.

ఆజాద్ వాదం సరిగ్గా ఈ మూలాన్నే దెబ్బతీస్తుంది. ఆయన నేరాన్ని నిరాకరించలేదు. పోలీసు విలేఖరులు రాసుకున్న తన ప్రసంగ పాఠాలు తప్పులతడకలని చెబుతూనే, వాటి సారాంశాన్ని అంగీకరించారు. ప్రభుత్వం దుర్మార్గమైనదని తాను అన్నమాట నిజమేననీ, దుర్మార్గాన్ని మరో పేరుతో పిలవడం తనవల్ల కాదనీ స్పష్టం చేశారు. దయాభిక్ష కోరలేదు, న్యాయాధిపతిని దూషించలేదు. తప్పించుకోదలచినవాడు మాటను మెలిపెడతాడు. ఆజాద్ తన మాటను చక్కదిద్ది మరీ న్యాయస్థానానికి అప్పగించారు. ఇట్టి వ్యక్తిని ద్రోహి అనడానికి నాలుక రాదు. ద్రోహానికి చాటు కావాలి. ఈ మాటకు చాటు లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. ఆజాద్ ఎదిరించినది పరాయి పాలనను. సొంత ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి ఈ వాదం ఎలా వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం గ్రంథంలోనే ఉన్నది. ప్రజల సమ్మతి లేని పాలనను, అది ముస్లిముల పాలన అయినాసరే, ఇస్లాం అంగీకరించదని ఆయన వాదించారు. దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట సత్యం పలకడం అత్యుత్తమ జిహాద్ అని బోధించే హదీసులోని పాలకుడు పరాయివాడై ఉండాలన్న షరతు లేదు. కాబట్టి ఆయన వాదానికి ఆధారం పాలకుని జాతి కాదు, పాలన తీరు. గ్రంథానికి కాలాతీతమైన విలువ కలగడానికి ఇదే కారణం.

అయితే ఈ రచనలో లోపాలు లేకపోలేదు. సోక్రటీసు మొదలుకొని గెలీలియో వరకు న్యాయస్థానాలు సత్పురుషులను శిక్షించిన ఉదంతాలను ఆజాద్ ఏకరువు పెడతారు. ఆ వాగ్ధాటి చదువరిని కట్టిపడేస్తుంది గాని, వాదాన్ని బలపరచదు. అదే బోనులో నిజమైన కుట్రదారులూ నిలబడ్డారు. ప్రతి ముద్దాయీ తనను సోక్రటీసుతో పోల్చుకోగలడు. అంతకంటె పెద్ద లోపం మరొకటి: మాట ఎంతవరకు హక్కో చెప్పిన ఆజాద్, ఎక్కడినుండి ద్రోహమో విడిగా వివరించలేదు. గీతకు ఒక వైపు మాత్రమే ఆయన కాంతి ప్రసరించింది.

రెండవ వైపును చూడాలంటే దైవప్రవక్త (స) జీవితంలోని రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. హుదైబియా ఒప్పందం నాడు హజ్రత్ ఉమర్ (రజి) దాని షరతులను జీర్ణించుకోలేక నేరుగా దైవప్రవక్త (స)నే ప్రశ్నించారు. తన తొందరపాటుకు ఆయన తరువాత విచారించినా, ఆ ప్రశ్నను ఎవరూ ద్రోహమనలేదు. హిజ్రీ 8వ సంవత్సరంలో హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) మక్కాపై దండయాత్ర సన్నాహాన్ని తెలుపుతూ ఖురైషులకు రహస్యంగా లేఖ పంపారు. అది ద్రోహచర్య. ఒకటి నాయకుని ముఖం ఎదుట పలికిన కఠినమైన ప్రశ్న. మరొకటి శత్రువు చేతికి చాటుగా అందించబోయిన సమాచారం. గమనార్హమైన విషయమేమంటే, లేఖ పట్టుబడిన తరువాత కూడా దైవప్రవక్త (స) ముందు కారణం అడిగారు. హాతిబ్ మక్కాలోని తన కుటుంబ రక్షణకోసం చేశానని చెప్పుకోగా, ఆయన బద్ర్ యోధుడన్న సంగతిని గుర్తుచేసి క్షమించారు. చర్య రుజువైన చోటనే విచారణ ఇంత జాగ్రత్తగా సాగితే, కేవలం మాటపై తొందరపడి ముద్రవేయడం ఎంత అన్యాయం!

మాట్లాడేవాడికీ హద్దులున్నాయి. వార్తను నిర్ధారించుకోమని ‘అల్ హుజురాత్’ సూరా, ఒక జాతిపై ద్వేషం న్యాయాన్ని విడిచేలా చేయరాదని ‘అల్ మాయిదా’ సూరా ఆదేశిస్తున్నాయి. బహిరంగంగా చెడుమాట పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదనీ, అన్యాయానికి గురైనవాడి విషయం వేరనీ ‘అన్నిసా’ సూరా తెలుపుతున్నది. అంటే బాధితుని గొంతు పరుషంగా ఉన్నంతమాత్రాన అది నేరం కాదు. అబద్ధం మాత్రం ఎవరి నోట వచ్చినా తప్పే.

‘కౌలె ఫైసల్’లో సాధారణంగా విమర్శకులు దాటిపోయే ఒక భాగం ఇక్కడ పనికివస్తుంది. బలప్రయోగం ఎన్నడూ కూడదన్న గాంధీజీ సిద్ధాంతాన్ని తాను పూర్తిగా అంగీకరించననీ, అయినా భారత స్వాతంత్ర్య పోరాటం విషయంలో అహింసామార్గంతో సంపూర్ణంగా ఏకీభవిస్తాననీ ఆజాద్ చెప్పారు. అనగా అభిప్రాయాన్ని దాచుకోలేదు. ఆచరణకు గీత గీసుకున్నారు. స్వతంత్ర భారత న్యాయస్థానం నలభై ఏళ్ల తరువాత ఇంచుమించు ఇదే గీత వద్దకు వచ్చింది. ప్రభుత్వంపై ఎంత తీవ్రమైన విమర్శ అయినా, హింసకు ప్రేరేపించనంతవరకు, ప్రజాశాంతిని భంగపరచే ధోరణి లేనంతవరకు రాజద్రోహం కాదని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1997లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో ఈ అభియోగాన్ని కొట్టివేస్తూ, ఇట్టి తీవ్రమైన నేరాలను యాంత్రికంగా మోపరాదని హెచ్చరించింది. 2022 మే 11న ఆ సెక్షన్ అమలునే నిలిపివేసింది.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహమన్న మాట లేదు. దాని 152వ సెక్షన్ దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు కలిగే ముప్పును గూర్చి మాట్లాడుతుంది. ప్రభుత్వం స్థానంలో దేశాన్ని నిలపడం సిద్ధాంతరీత్యా సరైన దిద్దుబాటే. కాని వేర్పాటు ‘భావాలను’ ప్రోత్సహించడం కూడా అందులో నేరమైంది. భావాన్ని కొలిచే త్రాసు 1897లో స్ట్రాచీ చేతిలో ఎటు మొగ్గిందో చరిత్ర చెప్పింది. ఆ త్రాసును ఎవరి చేతికిచ్చినా అప్రమత్తత తప్పదు.

1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదు వద్ద భయభ్రాంతులైన ముస్లిములను ఉద్దేశించి ప్రసంగించినప్పుడు, కొత్త పాలకులనుండి విధేయతాపత్రాలు సంపాదించుకొమ్మని తాను చెప్పడం లేదని ఆజాద్ అన్నారు. అప్పటికి ఆయనే కేంద్రమంత్రి. బోనులో నిలబడి పలికిన మాటకూ, అధికార పీఠంపైనుండి పలికిన మాటకూ తేడా లేకపోవడమే ‘కౌలె ఫైసల్’కు గొప్ప వ్యాఖ్యానం. పౌరుని విధేయతకు సాక్ష్యం అతని మౌనం కాదు, పాలకుని పొగడ్త అంతకన్నా కాదు. చాటున శత్రువుకు చేయి అందించని, హింసకు చేయి ఎత్తని మనిషి తన దేశపు తప్పును తన దేశప్రజల ఎదుటే ఎత్తిచూపుతున్నాడంటే, ఆ దేశాన్ని తనదిగా భావిస్తున్నాడనే అర్థం. పరాయి ఇల్లు కూలిపోతుంటే ఎవరూ అంతగా కేకలు వేయరు.