వయోజన విద్యాచార్యుల పనితనం

పదిహేనేళ్లు దాటినా బడి చదువు అందని వారికి అక్షరాలు, లెక్కలు, లోకజ్ఞానం నేర్పేదే వయోజన విద్య. దాన్ని జీవితాంతం సాగే నిరంతర విద్యలో భాగంగా విశ్వవిద్యాలయాల్లో బోధిస్తూ పరిశోధించే ఆచార్యుల పనితనం వాచకం తయారీలో బయటపడుతుంది. పిల్లల వాచకంలా అ, ఆలతో కాక, ఇది అభ్యాసకుల నోట నిత్యం నలిగే మాటతో మొదలవుతుంది. మత్స్యకారులకైతే ‘వల’ను చూపి, వ, ల అక్షరాలను విడదీసి, గుణింతాలు చేర్చి ‘వాలు’, ‘వేలు’, ‘విలువ’ అనే మాటలు కూర్పిస్తారు. 1988 మే 5న ప్రారంభమైన జాతీయ సాక్షరతా మిషన్ కాలంలో ఈ పద్ధతికి మూడు అంచెల వాచకాలు, అభ్యాసకులు తమ ప్రగతిని తామే కొలుచుకునే పరీక్షలు తోడయ్యాయి.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సాక్షరతా తరగతుల చర్చల స్ఫూర్తితో సారాపై ఉద్యమించడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలు కావడం మంచి పాఠానికున్న బలాన్ని చాటాయి. బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ మాట్లాడేవారు కలిసి బతికే అండమాన్‌లో, డాలీగంజ్ వంటి చోట, ఇంట తెలుగు, బజారులో హిందీ మాట్లాడే వ్యక్తికి ఏ లిపి ముందు నేర్పాలో తేల్చడానికీ అభ్యాసకుల నిత్యభాషను గమనించే ఇదే నైపుణ్యం కావాలి. పెద్దల అనుభవాన్ని పాఠానికి పునాది చేసుకున్న ఈ వృత్తి, పాండిత్యాన్ని ప్రజల అవసరానికి వినియోగించే విద్యగా గౌరవానికి అర్హమైనది.