జొన్న కంచె, వేప కషాయం

పల్లాకు తెగులు పట్టిన మినప చేనును గట్టు మీద నిలబడి చూస్తే ఎవరో పసుపు చల్లినట్టే ఉంటుంది. అంతవరకూ వచ్చిన మొక్కను మామూలుగా నిలబెట్టే మందు రసాయనాల్లోనూ లేదు, కషాయాల్లోనూ లేదు. సహజ పద్ధతుల బలమంతా తెగులు రాకముందు చేసే కాపలాలోనే ఉంది.

పల్లాకు తెగులు వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. జబ్బు మొక్క రసం పీల్చి పక్క మొక్క మీద వాలితే చాలు, అంటించేస్తుంది. వేరుశనగకు మొవ్వుకుళ్ళు తెచ్చేవి తామర పురుగులు. అనంతపురం జిల్లా రైతులకు 2000 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు మరో జబ్బు, కాండం కుళ్ళు వైరస్, దాదాపు రెండు లక్షల పాతిక వేల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. కారణం వెతుకుతూ వెళ్తే గట్ల మీది వయ్యారిభామ దగ్గర తేలింది. ఆ కలుపు పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి వేరుశనగ ఆకు మీద పడ్డాక తామర పురుగులు ఆకును గీకుతాయి, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. పూత రాకముందే వయ్యారిభామను పీకేయడం ఏ పిచికారీకీ తీసిపోని వైద్యం.

ఇక్కడే మన పాత అలవాటు ఒకటి అక్కరకొస్తుంది. పప్పుధాన్యాల చేను చుట్టూ జొన్నో సజ్జో వేసేవారు. పశువులు పడకుండా, మేత దొరకడానికి వేశారేమో గానీ, గాలివాటున కొట్టుకొచ్చే పురుగులకు అది అడ్డుగోడ. శాస్త్రవేత్తలు ఇప్పుడు నాలుగు వరుసలు వేయమంటున్నారు. పంట కంటే ముందే ఎదిగితేనే ఆ గోడ పనిచేస్తుంది కాబట్టి విత్తడం ఆలస్యం చేయకూడదు. డెల్టాలో వరి కోయకముందే చల్లే మినుముకు ఇది కుదరదు. అక్కడ తెగులును తట్టుకునే ఎల్‌బిజి 787, టిబిజి 104 లాంటి రకాలే మొదటి రక్ష.

జొన్నాకుకు ఇంకో గుణముంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుశనగ మొవ్వుకుళ్ళుకు జొన్నాకు లేదా కొబ్బరాకు కషాయం సిఫారసు చేసింది. కిలో ఎండాకు పొడిని రెండు లీటర్ల నీటిలో 60 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి, వడకట్టి, పది లీటర్లకు పలచన చేయాలి. విత్తిన పదో రోజున, ఇరవయ్యో రోజున చల్లాలి. ఇలాంటి రసాలు వైరస్‌ను నేరుగా చంపవు, మొక్క తన శక్తితో తానే ఎదిరించేలా దాన్ని లేపుతాయి. పునర్నవ అని వైద్యులు పిలిచే అటికమామిడి వేరులోనూ ఈ గుణాన్ని లక్నో విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. తెగులు కనబడ్డాక చల్లితే శ్రమ దండగ.

వేప సంగతి వేరు, అది పురుగు మీద పనిచేస్తుంది. ఐదు కిలోల గింజల పప్పు పొడిని పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, వంద లీటర్లు చేసి, వంద గ్రాముల సబ్బుపొడి కలపాలి. వేప తగిలిన ఆకును పురుగు సరిగా తినదు, పిల్ల పురుగు కుబుసం విడవలేదు. ఎండకు ఆ చేదు త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూట కొట్టాలి, అదీ ఆకు అడుగున, దోమ ఉండేది అక్కడే. ఒక్కసారితో సరిపోదు, వారం పది రోజులకు మళ్ళీ కొట్టాలి. పొగాకు కషాయం జోలికి వెళ్ళేవాళ్ళు మాత్రం చేతులకు తొడుగులు వేసుకోవాలి. సహజమైనదంతా సాధువు కాదు, నికోటిన్ మనిషికీ విషమే.

మొదటి నెలన్నర చేలో తిరుగుతూ, పసుపు బారిన మొక్క ఒక్కటి కనబడినా పీకి గోతిలో పూడ్చేయాలి. నాలుగు పోతే పోయాయనుకోలేక ఆగినచోటే చేను పోతుంది.

జూన్, జూలైల్లో వేపపళ్ళు రాలేటప్పుడు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. ఎకరాకు రెండు వందల లీటర్ల ద్రావణం కొట్టాలంటే ఒక్క విడతకే పది కిలోల పప్పు కావాలి.