ఇంటిలో చూడదగిన విజ్ఞాన చిత్రములు

పూర్వము మా చిలమత్తూరు ప్రాంతమువారు సినిమా చూడవలెనన్న హిందూపురమునకు పోవలసియుండెడిది. లేదా టూరింగు టాకీసు వచ్చువరకు వేచియుండవలసియుండెడిది. నేడు ఆ శ్రమ లేదు. టెలివిజనులోను, చేతిలోని ఫోనులోను ప్రపంచములోని చిత్రములన్నియు ఇంటికే వచ్చుచున్నవి. వానిలో విజ్ఞానమును కథగా చెప్పు చిత్రములును అనేకము. "పిల్లలకు వేసవి సెలవులలో ఏది చూపమందురు?" అని ఉపాధ్యాయ మిత్రులు నన్ను అడుగుచుందురు. పేర్లు చెప్పుట సులభమే. కాని ఏ చిత్రము ఎందుకు మంచిదో, ఎచట తప్పుదారి పట్టించునో చెప్పక పేరు మాత్రము చెప్పుట, మోతాదు చెప్పక మందు ఇచ్చినట్లగును.

విజ్ఞాన చిత్రమును పరీక్షించుటకు నేనొక చిన్న గీటురాయి పెట్టుకొన్నాను. చిత్రము ముగిసిన తరువాత విద్యార్థి గడప దాటి వెలుపలికి పోయి, తాను చూచినదానిలో ఒక్కదానినైనను కొలిచి చూడగలడా? కొలువగలిగినచో అది మంచి చిత్రము. కేవలము నోరు తెరచి చూచి, "ఆహా!" అని నిద్రపోవునట్లు చేయునది ఎంత అందముగా ఉన్నను రెండవ తరగతిదే. ఈ గీటురాయి నాకు పుస్తకములలో దొరకలేదు. ఒక రైతు అడిగిన ప్రశ్నవలన దొరికినది.

2019లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదలైన "ది బాయ్ హూ హార్నెస్డ్ ద విండ్" అను చిత్రమును ఒక వేసవిలో మా ఇంట ఇరుగుపొరుగు విద్యార్థులకు చూపితిని. "గాలిని కట్టివేసిన బాలుడు" అని మనము చెప్పుకొనవచ్చును. ఆఫ్రికా ఖండములోని మలావీ దేశమున 2001-02 సంవత్సరములలో వచ్చిన కరవు దీని నేపథ్యము. విలియం కాంక్వాంబా అను బాలుడు ఫీజు కట్టలేక బడి మానవలసివచ్చును. గ్రంథాలయములోని ఒక భౌతికశాస్త్ర పుస్తకము చదివి, పాత సైకిలు భాగములతో గాలిమర నిర్మించును. ఇది నిజముగా జరిగిన కథ. దర్శకుడు చివెటెల్ ఎజియోఫోర్. బాలుని తండ్రి పాత్రను కూడ ఆయనయే ధరించెను.

ఈ చిత్రములోని గొప్పతనము కరవును చూపిన తీరులో ఉన్నది. చేను ఎండుట, గింజలు తరుగుట, పూట తగ్గించుకొని తినుట, ఊరు విడిచిపోవువారు పోవుట: ఇవన్నియు మెల్లమెల్లగా ఒకదానివెంట ఒకటి వచ్చును. ఏడ్పులు, కేకలు లేవు. వేరుసెనగ విత్తి వానకొరకు ఎదురుచూచిన ఇంటి పిల్లలకు దీనిని వివరింపనక్కరలేదు. తండ్రి తన సైకిలును కోయుటకు ఒప్పుకొనని ఘట్టమున మా విద్యార్థులు కిక్కురుమనలేదు. ఉన్న ఒక్క వస్తువును ఒక పిల్లవాని ఊహకు అప్పగించుట ఎంత కష్టమో వారికి తెలియును.

చిత్రము చివర గాలిమర తిరుగును, పంపు నీరు పోయును, పొలము పచ్చబడును. రెండు దినముల తరువాత ఒక విద్యార్థి తండ్రి మా ఇంటికి వచ్చెను. అప్పటికే ఆయన వేయించిన రెండు బోర్లు ఎండిపోయినవి. మూడవదానికి అప్పు వెదకుచున్నాడు. "సార్, మావాడు ఆ సినిమా చూసినప్పట్నుంచీ బోరొద్దు, గాలి ఫ్యాను పెడదామంటాండాడు. రామగిరి కొండమీద అన్ని ఫ్యాన్లు తిరుగుతాండాయి గదా, మన చేన్లో ఒకటి పెడితే నీళ్లొస్తాయా?" అని అడిగెను. నవ్వివేయదగిన ప్రశ్న కాదది. ఒక కుటుంబము అప్పు చేయవలెనా, మానవలెనా అనునది దానిపై ఆధారపడియున్నది. కాగితము తీసికొని లెక్క వేసితిమి.

గాలిమర రెక్కలు తిరుగు వలయము వ్యాసము 2 మీటర్లు అనుకొందము. వైశాల్యము 3.14 చదరపు మీటర్లు. గాలి వేగము సెకనుకు 5 మీటర్లు. గాలిలోని శక్తి దాని వేగము యొక్క ఘనమునుబట్టి ఉండును. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోగ్రాములుగా తీసికొని గుణించినచో, ఆ వలయముగుండ పోవు గాలిలోని సామర్థ్యము సుమారు 235 వాట్లు. అందులో నూటికి 59 వంతులకు మించి ఏ మరయు గ్రహింపజాలదని ఆల్బర్ట్ బెట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున నిరూపించెను. అనగా గరిష్ఠము 140 వాట్లు. ఇంట తయారుచేసిన మర అంతకన్న చాల తక్కువయే ఇచ్చును. అయినను ఉదారముగా 100 వాట్లు పంపునకు చేరుననుకొందము.

ఇక నీరు. ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తుటకు 9.8 జౌళ్ల పని కావలెను. 10 మీటర్ల లోతు బావినుండి 100 వాట్లతో సెకనుకు ఒక లీటరు తోడవచ్చును. మలావీ పిల్లవాని కథలోని బావి లోతులేని బావి. కాని మా ప్రాంతమున బోర్లు అయిదారువందల అడుగులు దాటుట సామాన్యము. నీరు 200 మీటర్ల లోతున ఉన్నచో, అదే 100 వాట్లు నిమిషమునకు మూడు లీటర్లు మాత్రమే పైకి తెచ్చును. ఒక బిందె నిండుటకు అయిదారు నిమిషములు! చేనికి ఏమి చాలును? రామగిరి కొండలమీది మరలు పెక్కు మీటర్ల రెక్కలు కలవి. అవి వలయపు వైశాల్యమువలనను, ఎత్తున వీచు బలమైన గాలివలనను విద్యుత్తును పుట్టించుచున్నవి.

ఆ రైతు చాలసేపు కాగితము చూచి, "మా తాత కపిల తోలిన బావి ముప్పై అడుగులే సార్. అప్పుడైతే ఈ ఫ్యాను సరిపోతాండెనన్నమాట" అనెను. నేను చెప్పదలచిన పాఠమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది. మార్పు గాలిలో రాలేదు, నీటి లోతులో వచ్చినది. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ పీఠభూమికి ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. గట్టి రాతి పగుళ్లలోనికి ఇంకునది దానిలో కొద్దిపాటియే. ఇంకినదానికన్న ఎక్కువ తోడితిమి. నీరు క్రిందికి పోయినది. అది పదిరెట్లు లోతుకు పోయినచో తోడు శ్రమయు పదిరెట్లగును. అప్పు చేయవలెనా అన్న నిర్ణయము ఆయనది. కాని ఇంకుడు కుంట, చెరువు పూడిక అను మాటలు ఆ సాయంకాలము మా సంభాషణలోనికి వచ్చినవి.

చిత్రముపై నా ఫిర్యాదు ఇదియే. నిజజీవితములో విలియం కట్టిన మొదటి గాలిమర నీరు తోడలేదు. అది ఇంట దీపములు వెలిగించినది, రేడియో పలికించినది. నీటి పంపులు తరువాతి కాలమున వచ్చినవి. కథ ముగింపు పండుటకై చిత్రకర్తలు ఆ సంవత్సరములను కుదించిరి. కళకు ఆ స్వేచ్ఛ ఉన్నది. కాని చూపు ఉపాధ్యాయుడు ఆ కుదింపును విప్పి చెప్పవలెను. ఇంత చెప్పియు, నా పట్టికలో దీనికే మొదటి స్థానము ఇత్తును. లెక్కకు పిలిచిన చిత్రమిది.

ఈ లెక్కనే తిరుగవేసిన చిత్రము "స్వదేశ్". 2004లో ఆశుతోష్ గోవారికర్ హిందీలో తీసెను. అమెరికాలో నాసా సంస్థలో పనిచేయు ఇంజనీరు మన దేశములోని ఒక గ్రామమునకు వచ్చి, కొండవాగు నీటితో విద్యుత్తు పుట్టించును. నీరు ఎత్తుటకు ఎంత శక్తి కావలెనో, అదే ఎత్తునుండి పడునప్పుడు అంత శక్తి వచ్చును. సెకనుకు 20 లీటర్లు 10 మీటర్ల ఎత్తునుండి పడినచో సుమారు 1960 వాట్లు. సగము వ్యర్థమైనను 9 వాట్ల దీపములు నూటికి పైగా వెలుగును. దీపము వెలిగినప్పుడు ముదుసలి ముఖమున కనిపించు వెలుగును ఎవరును మరువజాలరు. నర్మదా లోయలోని బిల్‌గావ్ గ్రామస్థులతో కలిసి పనిచేసిన రవి కూచిమంచి, అరవింద పిల్లలమర్రి దంపతుల కృషి ఈ కథకు ప్రేరణ అని ప్రసిద్ధి. ఇంటిపేర్లు మన తెలుగువారివే. అయితే ఊరిలోని పనులు పదిమంది చేతులమీదుగా జరుగును. చిత్రమున మాత్రము నాయకుడే అన్నియు తెలిసినవాడగును. పిల్లలకు ఈ భేదము చెప్పవలెను.

"స్వదేశ్"లో మరియొక విశేషమున్నది. అందులోని నాయకుడు పనిచేయు ప్రణాళిక భూగోళమంతట కురియు వానను ఉపగ్రహముతో కొలుచునది. అది కల్పన కాదు. నాసా, జపాను అంతరిక్ష సంస్థ కలిసి ఆ ఉపగ్రహమును 2014 ఫిబ్రవరిలో ప్రయోగించినవి. వానకై కన్నులు కాయలు కాచిన మావంటి ప్రాంతమువారికి ఇంతకన్న దగ్గరి అంతరిక్ష విజ్ఞానము ఏది?

మూడవది కార్ల్ సాగన్ 1980లో సమర్పించిన "కాస్మోస్", 13 భాగముల టెలివిజను మాల. ఇంగ్లీషు భాషలో ఉన్నది గనుక నడుమ నడుమ ఆపి తెలుగులో చెప్పవలసియుండును. ఆ శ్రమ వృథాపోదు. మొదటి భాగములో ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు నీడలను కొలిచి భూమి చుట్టుకొలతను కనుగొన్న కథ కలదు. రెండు కర్రలు, ఒక వంచిన అట్ట: ఈ మాత్రము సామగ్రితో సాగన్ దానిని విశదపరచెను.

ఇది మన ఊళ్లలో చేయదగినది. చిలమత్తూరులో ఏప్రిల్ చివరి వారమున ఒక దినమును, ఆగస్టు నడుమ ఒక దినమును సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిపై నుండును. నిలువు కర్రకు నీడ ఉండదు. అదే మధ్యాహ్నమున హైదరాబాదులోని మిత్రునిచే మీటరు కర్ర నీడ కొలిపింపుడు. సుమారు 6 సెంటీమీటర్లుండును; అనగా 3.5 డిగ్రీల కోణము. రెండు ఊళ్ల నడుమ ఉత్తర దక్షిణముగా పటముపై దూరము సుమారు 390 కిలోమీటర్లు. 360ని 3.5చే భాగించి 390చే గుణింపుడు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు దగ్గరగా వచ్చును! "కాస్మోస్"లో కొన్ని సంగతులు పాతబడినవి. అన్య నక్షత్రముల గ్రహములు ధ్రువపడినది 1992లో; విశ్వవ్యాకోచము వేగము పుంజుకొనుచున్నదని తెలిసినది 1998లో. కాని కర్ర నీడ పాతబడలేదు.

తెలుగు చిత్రములు లేవా అని అడుగుదురు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన "ఆదిత్య 369" ఇంటిల్లిపాది చూడదగినది. కాలయంత్రము ఎట్లు పనిచేయునో చిత్రము చెప్పలేదు, చెప్పజాలదు. దీనిని విజ్ఞానముగా కాక, ప్రశ్నలు పుట్టించు వినోదముగా చూపవలెను. కాలయంత్రము 1526లోని కృష్ణదేవరాయల కొలువునకు పోవును. చిత్రము చూచిన మా పిల్లలను ఆ మరునాడే లేపాక్షికి తీసికొనిపోతిని. విజయనగర కాలపు కప్పు చిత్రములలోని రంగులు, వస్త్రములు, తలపాగలు చూచి, చిత్రములోని కొలువుతో పోల్చుకొనిరి. మాకు దొరికిన కాలయంత్రము అదియే.

సంకల్ప్ రెడ్డి 2018లో తీసిన "అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్." అంతరిక్ష యానమును వస్తువుగా తీసికొన్న తెలుగు చిత్రము. సాహసించిన తీరు మెచ్చదగినది. భారరహిత స్థితిని చూపుటకు పడిన శ్రమ కనిపించును. కథలోని ఆపదలు మాత్రము మితిమీరి ఒకదానిపై ఒకటి పడును. దీనితో ఒక అభ్యాసము ఇయ్యవచ్చును. పేరులోని గంటకు 9000 కిలోమీటర్లు, అనగా సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగముతో భూమిని వృత్తాకారమున చుట్టు ఉపగ్రహము ఎంత దూరమున ఉండవలెను? భూకేంద్రమునుండి సుమారు 64,000 కిలోమీటర్లు. భూమి వ్యాసార్ధమునకు పదిరెట్లు. భూమికి చేరువగా తిరుగునవి గంటకు 28,000 కిలోమీటర్ల వేగముతో పోవలెను. పదవ తరగతి దాటినవారు దీనిని తామే సాధింపగలరు.

చివరగా "రాకెట్ బాయ్స్". హోమీ భాభా, విక్రమ్ సారాభాయిల జీవితములపై 2022లోను, 2023లోను రెండు విడతలుగా వచ్చిన ధారావాహిక. 1963 నవంబరు 21న తుంబానుండి మొదటి రాకెట్టు ఎగిరిన నాటి ఉత్సాహమును చక్కగా పట్టుకొన్నది. కాని భాభాకు ప్రత్యర్థిగా చూపిన మెహదీ రజా అను శాస్త్రజ్ఞుడు కల్పితుడు. ఈ సంగతి చెప్పకున్నచో పిల్లలు ఆయనను చరిత్రపురుషుడనుకొందురు. అంతకుమించి, శాస్త్రజ్ఞుల నడుమ భేదాభిప్రాయమనగా ద్రోహమనుకొందురు. విజ్ఞానమున భేదాభిప్రాయము అవసరమైన వస్తువు. పెద్దలు ముందుగా చూచి, పెద్ద తరగతులవారికి మాత్రమే చూపవలసినది ఇది.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. వేసవి అంతటికి నాలుగు చిత్రములు చాలును. ఒక్కొక్కదానికి ఒక కొలత పెట్టుడు: గాలికి, నీటికి, నీడకు, వేగమునకు. చిత్రము ఎచట నిజమును కుదించినదో పిల్లలచేతనే కనిపెట్టింపుడు. తెరపై కనిపించినదెల్ల నమ్ము పిల్లవాడు, తెరను అసలు చూడని పిల్లవాడు, ఇద్దరును మనకు వలదు. బొమ్మను ఆపి, "ఆ బావి ఎంత లోతు సార్?" అని అడుగు పిల్లవాడు కావలెను. ఆ ప్రశ్న మా ఊరిలో ఒక ఇంటి అప్పునకు సంబంధించినది. మీ ఊరిలోను అట్టి ప్రశ్న ఏదో ఒకటి ఉండకపోదు.