శవమే సాక్ష్యమా?

పాత కరీంనగరు జిల్లా సిరిసిల్ల మరమగ్గాల మీద వచ్చిన కథలూ, కవితలూ ఈమధ్య వరుసగా చదివాను. వాటిలో సానుభూతికి కొదవ లేదు. కాని చాలావాటిలో నేతకార్మికుడు మనకు ఉరితాడు దగ్గరే పరిచయమవుతాడు. ఇది నన్ను ఆలోచనలో పడవేసింది.

సాంచాల మోతలో పన్నెండు గంటల పని, పగలూ రాత్రీ మారే షిఫ్టులు, నేసిన మీటర్ల లెక్కన కూలి. గుడ్డ అమ్ముడుపోకపోతే సాంచాలు బందు, కూలీ బందు. ఆసామి సేటు ముందు, కార్మికుడు ఆసామి ముందు చేయి చాచాలి. ఈ బ్రతుకులో ముందు నిద్ర పోతుంది, తరువాత మాట పోతుంది, చివరకు ప్రాణం పోతుంది. మన రచయితలు మొదటి రెంటినీ వదలి మూడవదాన్నే పట్టుకున్నారు. ‘సిరిసిల్ల ఉరిసిల్ల’ అన్న ప్రాస కుదిరినంత మాత్రాన వాస్తవికత కుదరదు.

చట్టం చూపూ ఇటువంటిదే. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పోయిన బొటనవ్రేలికి 30 శాతం, చూపుడువ్రేలికి 14 శాతం అని సంపాదనాశక్తి నష్టాన్ని లెక్కగట్టింది. వృత్తివ్యాధుల పట్టికలో మాత్రం మనోవ్యాధికి చోటివ్వలేదు. పట్టికలో లేని జబ్బు ఫలానా ప్రమాదంలో తగిలిన గాయంవల్లనే వచ్చిందని రుజువు చేయాలి. ఏళ్ళ తరబడి కరిగిపోయిన నిద్రకు ప్రమాదం తేదీ ఎక్కడినుంచి తెస్తాం? పాత ఆదిలాబాదు జిల్లా మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావులను తలచుకోండి. బండ కూలి తోటివాడు పోయాక మళ్ళీ అదే బాయిలోకి దిగేవాని ఒంటిమీద గీత కూడ వుండకపోవచ్చు. 2025 నవంబరులో అమలుకు వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతి సైతం ఈ షరతును తొలగించలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే మానసిక రుగ్మతలను వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది.

కూలి పెరిగితే మనసు దానంతటదే కుదుటపడుతుందని వాదించే మిత్రులున్నారు. కూలి పెరగవలసిందే. కాని నిన్న జబ్బుపడినవానికి పడిన బాకీ రేపటి కూలితో తీరదు.

ఆత్మహత్య జరిగాక ఇంటికి వచ్చేది ఎక్స్‌గ్రేషియా. అది దయ. పరిహారం హక్కు. దయకు శవం కావాలి. హక్కును బ్రతికివున్నవాడు అడగగలడు. కనుక అభ్యుదయ రచయిత ఉరితాడుకు చాలాముందే ఆ ఇంటి తలుపు తట్టాలి. నిద్ర ఏ షిఫ్టులో చెదిరిందో, మాట ఏ బాకీతో మూగపోయిందో కార్మికుని నోటనే చెప్పించాలి. అప్పుడు మన కథ కన్నీటితో ఆగిపోక సాక్ష్యంగా నిలుస్తుంది.