సాక్ష్యం మనది, సిద్ధాంతం ఎవరిది?

విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాలు చదవడానికి వచ్చిన తెలుగు మీడియం అమ్మాయికి ఒక సంగతి త్వరగానే అర్థమవుతుంది. అక్కడ సిద్ధాంతం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఉండేది సమాచారం. ఊళ్ళకెళ్ళి ఆడవాళ్ళని ప్రశ్నలడిగి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకొచ్చి, ఇంగ్లీషులోకి మార్చి, ఎక్కడో తయారైన చట్రంలో బిగిస్తే అది పరిశోధన. చెప్పినావిడ సమాచారం ఇచ్చిన మనిషి మాత్రమే. ఆలోచించేది ఇంకొకరు. ఈ పని విభజనని నిలదీసిన పుస్తకం మన భాషలో వచ్చి దాదాపు నలభై ఏళ్ళయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ గురించి నేను మాట్లాడుతున్నాను.

నాది సాహిత్యం. పిహెచ్.డి. కోర్సువర్కులో భాగంగా సామాజిక శాస్త్రాల విభాగంలో ఒక పేపరు తీసుకున్నాను. చదవాల్సిన పుస్తకాల జాబితాలో ‘వి వర్ మేకింగ్ హిస్టరీ’ ఉంది. 1989లో వచ్చిన ఇంగ్లీషు రూపం అది. పాలకుర్తి ఐలమ్మ మాటల్ని జిరాక్సు కాగితాల మీద ఇంగ్లీషులో చదువుతూ, మనసులో మళ్ళీ తెలుగు చేసుకుంటూ అర్థం చేసుకున్నాను. దీనికి మూలం తెలుగులో ఉందన్న ముక్క ఆ జాబితాలో ఎక్కడా లేదు. తర్వాత లైబ్రరీలో తెలుగు పుస్తకం దొరికింది, చరిత్ర అరల్లో కాదు, తెలుగు సాహిత్యం అరల్లో! అంటే ఐలమ్మ ఇంగ్లీషులో మాట్లాడితే చరిత్ర, తెలుగులో మాట్లాడితే కథ. తరగతిలో ‘వెట్టి’ని బలవంతపు శ్రమ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటతో సరిపెట్టేశారు. ఆ మాటలో ఉన్న కులం, దొర గడి, ఆడవాళ్ళ శరీరాల మీద దొరల అధికారం – ఇవన్నీ ఎటు పోయినట్టు?

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన జీవిత కథనాలివి. ఈ పని చేసిన బృందంలో రాజనీతి శాస్త్రం చెప్పే రమా మేల్కోటే, ఇంగ్లీషు సాహిత్యం చెప్పే సూజీ తారు, వైద్యరంగం నుంచి వచ్చిన వీణా శత్రుఘ్న ఉన్నారు. వసంత కన్నబిరాన్, కె. లలిత ఉన్నారు. పిహెచ్.డి. కోసమో ప్రాజెక్టు కోసమో చేసింది కాదిది. స్త్రీల ఉద్యమంలో ఉన్నవాళ్ళు తమకంటే ముందు నడిచిన స్త్రీలని వెతుక్కుంటూ వెళ్ళారు. అందుకే శాఖల మధ్య గోడలు ఇక్కడ అడ్డం రాలేదు.

ఇదే పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పెద్ద గ్రంథం 1972లో ఇంగ్లీషులో వచ్చింది. అందులో స్త్రీల గురించి ఒక అధ్యాయం ఉంది. స్త్రీల ధైర్యాన్నీ త్యాగాన్నీ గౌరవంగా నమోదు చేసింది. కానీ త్యాగం చేసిన మనిషికి ఆ త్యాగం మీద ఒక అభిప్రాయం ఉంటుంది కదా! ఆ అభిప్రాయం వినిపించేది ‘మనకు తెలియని మన చరిత్ర’లోనే. ఉద్యమంలో ఉండగా పసిబిడ్డని వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథనాన్ని చదవండి. ఆ రోజుల్ని జీవితంలో మళ్ళీ రాని రోజులుగా తలుచుకునే స్త్రీలే, 1951లో పోరాటం ఆగాక ఇళ్ళకి వెళ్ళి సంసారాలు చేసుకోమన్నారని బాధపడతారు. సంతోషం, దుఃఖం ఒకే నోట వస్తాయి. దీన్ని అనుభవం అని పక్కన పెట్టేస్తే నష్టం మనకే. సమానత్వాన్ని యుద్ధకాలపు అవసరంగా చూసిన రాజకీయాల మీద ఇంతకంటే సూటి విశ్లేషణ ఏముంటుంది? పిల్లలు, వంట, పెళ్ళి రాజకీయాల్లో భాగమేనన్న సూత్రాన్ని వీళ్ళు ఏ గ్రంథంలోనూ చదివి చెప్పలేదు.

ఈ పుస్తకంతో నాకు పేచీ కూడా ఉంది. చాకలి కులంలో పుట్టి భూమి కోసం విసునూరు దొరని ఎదిరించిన ఐలమ్మా, భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చి తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యమూ ‘స్త్రీలు’ అన్న ఒకే మాట కింద పక్కపక్కన నిలబడతారు. ఇద్దరి సాహసమూ గొప్పదే. కానీ ఇద్దరూ దాటిన గడపలు ఒకటి కావు. ఆ తేడాని నిలబెట్టాల్సినంత బలంగా ప్రశ్నగా నిలబెట్టలేదని నాకనిపిస్తుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. దళిత స్త్రీలు అందులో తమ రచనలతో, తమ పేర్లతో రచయిత్రులుగా ఉన్నారు. ఇంకొకరి ప్రశ్నకి జవాబు చెప్పడం నుంచి తామే ప్రశ్న వేయడం దాకా జరిగిన ప్రయాణం అది. ఈ రెండు పుస్తకాల్నీ కలిపి చదివితేనే పాఠం పూర్తవుతుంది.

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు. ఆ అనువాదం వల్లే ఐలమ్మ మాట మన సరిహద్దులు దాటింది. కానీ ఉన్నత చదువు మన భాషల్లో సాధ్యం కాదనే వాళ్ళు, 1918లో ఉస్మానియా ఉర్దూ బోధనతో మొదలైందని గుర్తుంచుకోవాలి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది పాఠ్యపుస్తకాల కోసమే. డిగ్రీ దాకా ఆ పుస్తకాలు చేయిపట్టుకు నడిపిస్తాయి. ఆ పైన చెయ్యి వదిలేస్తారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం లేకపోతే నాలాంటివాళ్ళు ఆ తరగతి గదిలోకి వచ్చేవాళ్ళమే కాదు. వచ్చాక అక్కడ నోరు తెరవలేకపోతే ఆ రావడానికి అర్థమేమిటి? సెమినార్లలో వెనక బెంచీల్లో మౌనంగా కూర్చునే అమ్మాయిలకి ఆలోచనలు లేక కాదు. ఆ ఆలోచనలున్న భాషకి అక్కడ విలువ లేక.

ఐలమ్మ 1985లో చనిపోయింది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. అయితే పేరు గేటు దగ్గర ఆగిపోకూడదు. పఠన జాబితాల్లో ఇంగ్లీషు పుస్తకం పక్కన తెలుగు మూలం కూడా ఉండాలి. దానిమీద తెలుగులో రాసిన పేపరుకి మార్కులు పడాలి. ‘ఐలమ్మకి ఏం జరిగింది?’ అని మాత్రమే కాక, ‘ఐలమ్మ ఏం వాదిస్తోంది?’ అని కూడా పరీక్షలో అడగాలి. ఈ రెండో ప్రశ్న వచ్చిన రోజున, ఆమె వాదనతో ఏకీభవించాలో విభేదించాలో తేల్చుకోవాల్సిన బాధ్యత మనకీ వస్తుంది.